బల్ల మధ్య బిళ్ళ

కొనేవాడు సాయంత్రం వస్తున్నాడన్న కబురు భోజనాల వేళకి అందింది. మోసుకొచ్చినవాడు బావమరిది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే చెప్పేశాడు.

"బావా, నీ మిషన్‌కి మంచిరోజులొచ్చాయి. కుర్చీలు చేసే పెద్దాయన ఒకాయన చూడ్డానికి వస్తున్నాడు. నచ్చిందా, ఇవాళే బండెక్కించుకుపోతాడు."

నోటిదాకా వెళ్ళిన వడ్రంగి మేస్త్రి చెయ్యి అక్కడే ఆగింది.

"అమ్ముతానని నేనెప్పుడన్నాను?"

"మీరనలేదు. నేనన్నాను," అంది భార్య, మంచినీళ్ళ గ్లాసు అతని ముందు పెడుతూ. "ముందు తినండి. చల్లారిపోతుంది."

ఇంటి ముందుగదిలో నిలబడి ఉంది ఆ బ్యాండ్ సా. మనిషంత ఎత్తు. పైనొక చక్రం, కిందొక చక్రం, రెంటి మీదా తిరిగే పొడవాటి రంపపు బ్లేడు. నడుమ ఇనుప బల్ల. గదిలో కిటికీ వెలుగంతా దానిదే. భార్య దర్జీ. ఆమె కుట్టు మిషన్ పడకగదిలో మంచం కాళ్ళ దగ్గర నక్కి ఉంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు మొహమాటపడుతూ మంచం మీద కూర్చోవాలి. ముందుగది తనకి కావాలని ఆమె అడిగి అడిగి అలిసిపోయింది. ఇక అడగడం మానేసి తమ్ముణ్ణి పిలిచింది.

తమ్ముడు ఒకే దెబ్బకి రెండు పిట్టల్ని కొట్టాడు. మిషన్‌కి కొనేవాడు, బావకి ఉద్యోగం. ఊళ్ళో పెద్ద ఫర్నిచర్ షాపు. బీరువాలు ముక్కలు ముక్కలుగా అట్టపెట్టెల్లో వస్తాయి, స్క్రూలు బిగించడమే పని.

"ఏసీ కూడా ఉంది బావా," అన్నాడు.

మేస్త్రి జీవితమంతా వంపులే. ఊగే కుర్చీల కాళ్ళు, ఉయ్యాల పక్కలు, గుర్రం బొమ్మల మెడలు. బ్యాండ్ సా లేకపోతే వంపు లేదు. రేపటినుంచి అతనికి మిగిలేవన్నీ తిన్నటి గీతలు, వాటి చివర స్క్రూలు.

"ఒక్కటే లోపం అక్కా," అన్నాడు బావమరిది. "బల్ల మధ్యలో ఆ పగిలిన బిళ్ళ. అది చూశాడంటే వచ్చినవాడు వచ్చినట్టే వెళ్ళిపోతాడు."

బల్ల మధ్యలో బ్లేడు దిగే చోట అరచేతంత గుండ్రటి రంధ్రం ఉంటుంది. బ్లేడు చుట్టూ ఆ రంధ్రాన్ని మూసేదే బిళ్ళ. అది లేకపోతే కోసిన చిన్న ముక్కలు లోపలికి జారి బ్లేడుకి అడ్డం పడతాయి, లేదా తిరిగి మొహం మీదకి లేస్తాయి. పాత బిళ్ళ క్రితం వారమే సగానికి పగిలింది. అందులోంచి లేచిన ముక్క గోడ గడియారం అద్దాన్ని పగలగొట్టింది.

"బిళ్ళ ఆయన చేస్తారు," అంది భార్య. "చేస్తారుగా?"

మేస్త్రి బుర్రలో దీపం వెలిగింది.

"చేస్తాను," అన్నాడు.

అంత మెత్తగా అనేసరికి ఆమె అతని వైపు రెండోసారి చూసింది.

పథకం చిన్నది. దరిద్రపుగొట్టు బిళ్ళ ఒకటి చేయాలి. వచ్చినవాడు దాని మీద చెక్క పెట్టగానే అది గడగడలాడాలి. మిషన్ మీద మనసు విరగాలి. బిళ్ళ చేయమన్నారు, చేశాడు. ఇక అతన్ని ఎవరేమంటారు?

ముందుగది తలుపు దగ్గరికి వేసుకున్నాడు. గట్టి టేకు ముక్క ఒకటి తీసి, దాని మీద పగిలిన బిళ్ళ రెండు ముక్కల్నీ కలిపి పెట్టి, చుట్టూ పెన్సిల్ తిప్పాడు. బల్ల రంధ్రం మీద ప్లైవుడ్ పరిచి, ఆ మూత మీదే మిషన్ నడిపి ముక్కని గుండ్రంగా కోశాడు. కావాలనే గీతకి లోపలగా కోశాడు. బ్లేడు విప్పి, రంధ్రంలో వేసి చూశాడు. బిళ్ళ అటూ ఇటూ కదిలి టకటకమంది.

అద్భుతం అనుకున్నాడు. ఇంతకంటే సిగ్గుమాలిన బిళ్ళ ఏ షెడ్డులోనూ దొరకదు.

బీడీ వెలిగించుకున్నాడు. మొదటి దమ్ముకి బిళ్ళ వైపు చూశాడు. రెండో దమ్ముకి మొహం తిప్పుకున్నాడు. మూడో దమ్ము పీల్చలేదు. ఆ టకటక చెవిలోంచి పోవడం లేదు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? ఫలానా మేస్త్రి చేసిందట అనరూ?

బిళ్ళని చెత్తడబ్బాలో పారేశాడు.

రెండోదానికి తెలివిగా ఆలోచించాడు. చుట్టుకొలత సరిగ్గా ఉంచి, మందం ఎక్కువ పెట్టాడు. అంచు బల్ల కంటే పైకి లేచి ఉంటే చెక్క జారేటప్పుడు తట్టుకుంటుంది. చూడ్డానికి బాగుంటుంది, పనికి ఏడిపిస్తుంది. పరువూ దక్కుతుంది. మళ్ళీ బ్లేడు విప్పి, బిళ్ళని రంధ్రంలో పెట్టాడు. నిజంగానే తట్టుకుంది. అతను అనుకున్నంత కంటే కొంచెం ఎక్కువే తట్టుకుంది. మరీ ఇంత అక్కర్లేదులే అని గరుకు కాగితం మీద నాలుగు రుద్దులు రుద్దాడు. ఒక పక్క దిగింది, ఇంకో పక్క దిగలేదు. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం అంటే అది మోసం కాదు, పని చేతకాకపోవడం. సరిచేశాడు. గోరు పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తగులుతోంది. ఇంకో రుద్దు.

ఆ తర్వాత ఏం జరిగిందో అతనికీ సరిగ్గా గుర్తులేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. బ్లేడు ఎక్కించి, బిళ్ళని దానికి ఎదురుగా నెట్టి అంచు నుంచి మధ్యదాకా సన్నటి చీలిక కోశాడు. మిషన్ ఆపి, ఆ చీలికలో బ్లేడు ఉండేలా బిళ్ళని రంధ్రంలోకి వదిలాడు. అది దిగలేదు. బొటనవేళ్ళతో నొక్కాడు.

కప్ అని ఒక చప్పుడు, డబ్బా మూత పడినట్టు.

బల్ల మీద చెయ్యి ఆ చివర నుంచి ఈ చివరకి లాగాడు. ఇనుము ఎక్కడ ఆగిందో, చెక్క ఎక్కడ మొదలైందో వేలికి తెలియలేదు. ముప్ఫై ఏళ్ళ పనిలో ఇలాంటి బిళ్ళ చేయలేదు. మురిసిపోయి నవ్వుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, అది చెడగొట్టాల్సిన బిళ్ళని.

ఉలి కోసం చెయ్యి చాచేలోపే తలుపు తెరుచుకుంది. బావమరిది, వెనకాల కుర్చీలాయన, ఆయన వెనకాల మేస్త్రి భార్య.

కుర్చీలాయన సన్నగా, పొడుగ్గా, పొదుపుగా మాట్లాడే మనిషి. చంకలో చుట్టచుట్టిన బ్లేడు ఉంది. రాగానే రెండు చేతులూ ముందుకి చాచి అందరికీ చూపించాడు.

"చూశారుగా? నలభై ఏళ్ళు కుర్చీలు చేశాను. పది వేళ్ళూ ఉన్నాయి. ఎందుకున్నాయి? ఏ మిషన్నీ తొందరపడి ఆన్ చెయ్యను కాబట్టి."

వంగి బల్లని చూశాడు. బిళ్ళ మీద వేలితో నిమిరాడు. మళ్ళీ నిమిరాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మూడోసారి నిమిరాడు.

"ఎవరు చేశారిది?"

 మేస్త్రికి ఒక పక్క గర్వం, ఇంకో పక్క మిషన్ పోతుందన్న బెంగ.

"మా బావేనండీ," అన్నాడు బావమరిది. "చెయ్యి అలాంటిది."

"బిళ్ళే ఇలా ఉంటే మిషన్ని ఎలా చూసుకుని ఉంటాడు," అన్నాడు కుర్చీలాయన. "నా సన్న బ్లేడు వేసి ఒక వంపు కోసి చూస్తాను. బాగుంటే బండికి ఫోన్ చేస్తా. బిళ్ళ తీయండి మేస్త్రిగారూ, బ్లేడు మారుద్దాం."

మేస్త్రి గోళ్ళతో పట్టుకున్నాడు. పట్టు దొరకలేదు. బావమరిది కత్తి మొన పెట్టాడు. మొన దూరే సందు లేదు. కుర్చీలాయన మోకాళ్ళ మీద కూర్చుని కింద నుంచి ఇనుప ఊచతో పొడిచాడు. ఒక పక్క పైకి లేవబోయింది, రెండో పక్క ఇంకా గట్టిగా కరుచుకుంది.

"దీనికి వేలు పెట్టే కన్నం ఏదీ?" అన్నాడు కుర్చీలాయన కింద నుంచి.



"పెట్టలేదండీ," అన్నాడు మేస్త్రి.

"ఏం?"

"అందం చెడుతుందని."

భార్య అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని ఉంది. దగ్గరికి వచ్చింది.

"నా కుట్టు మిషన్‌లో సూది కింద కూడా ఇలాంటి ప్లేటే ఉంటుంది. రెండు స్క్రూలు విప్పితే ఊడొస్తుంది. మీది ఎలా ఊడొస్తుంది?"

"ఊడిరాదు," అన్నాడు మేస్త్రి. అతని మనసులో ఆశ మొలకెత్తింది. బిళ్ళ రాకపోతే బ్లేడు మారదు. బ్లేడు మారకపోతే ఈయన మిషన్ నడపడు.

"అయితే ఇప్పుడు పెట్టండి కన్నం," అంది భార్య.

ఆశ అక్కడే వాడిపోయింది. ఆమె కళ్ళు అతని మొహం మీదే ఉన్నాయి. తప్పించుకునే దారి లేదు. డ్రిల్లు తెచ్చాడు. బిట్ల పెట్టె తెరిచాడు. పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత కాలిపర్ తీసి తన చూపుడు వేలు కొలుచుకున్నాడు.

"ఎందుకు బావా కొలతలు?" అన్నాడు బావమరిది. "పెద్ద కన్నం ఒకటి పొడిచెయ్."

"పెద్దది పెడితే వదులుగా ఉంటుంది."

"ఉంటే?"

"వదులు నాకు నచ్చదు."

కన్నం పడింది. అంచులు గరుకు కాగితంతో నున్నగా చేశాడు. చూపుడు వేలు లోపలికి పెట్టి, కణుపు దాటేదాకా తోసి, కింద కొక్కెంలా వంచి బలం కొద్దీ లాగాడు. ఠప్పుమని బిళ్ళ లేచింది. చీలిక బ్లేడుని దాటి బయటికొచ్చింది. బావమరిది చప్పట్లు కొట్టాడు. కుర్చీలాయన క్షణం వృథా చేయకుండా పాత బ్లేడు తీసి తన సన్న బ్లేడు ఎక్కించి బిగించుకున్నాడు.

"ఇక బిళ్ళ వేసెయ్యండి."

మేస్త్రి కదలలేదు. బిళ్ళ వేలికి ఉంది. ఎడమ చేత్తో పట్టుకుని లాగుతున్నాడు. అది కణుపు దగ్గర ఆగి అక్కడే ఉండిపోతోంది. లాగినకొద్దీ కణుపు వాచి ఎర్రబడుతోంది.

"రావడం లేదు," అన్నాడు.

"నటిస్తున్నాడు," అన్నాడు బావమరిది. పట్టుకుని తనే గుంజాడు. మేస్త్రి వేసిన కేక నటన కాదని గదిలో అందరికీ అర్థమైంది.

"బిళ్ళ వేలికి ఉంటే ఉంది, బల్లలో పెట్టెయ్ బావా. ఆయన ఒక్క వంపు కోసుకుంటాడు."

పాపం, మేస్త్రి అలాగే పెట్టాడు. వంగి, అరచెయ్యి బల్ల మీద బోర్లించి, వేలు కిందికి దించి, బ్లేడు పక్కన అలా నిలబడ్డాడు. బిళ్ళ అచ్చంగా సరిపోయింది. చూడ్డానికి మిషన్‌తో పాటు మేస్త్రి కూడా అమ్మకానికి ఉన్నట్టున్నాడు.

కుర్చీలాయన స్విచ్చు వైపు చూశాడు, బ్లేడు వైపు చూశాడు, తన పది వేళ్ళ వైపు చూసుకున్నాడు. తన బ్లేడు విప్పి, చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"బిళ్ళ లేకుండా నేను మిషన్ ఆన్ చెయ్యను. మనిషితో ఉన్న బిళ్ళ మీద అసలే చెయ్యను. ఆ వేలు ఊడొచ్చాక కబురు పెట్టండి. వెంటనే వస్తాను. మిషన్ నాకు నచ్చింది."

ఆయన్ని దింపడానికి బావమరిది వెంట వెళ్ళాడు. వెళ్తూ బావ వైపు చూసిన చూపులో బంధుత్వం ఏ మాత్రం లేదు.

భార్య దారపుండ తెచ్చి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. అతని చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. దారం కొస సూదితో బిళ్ళ కింద నుంచి దూర్చి అవతలికి తీసి, మిగతా దారం కణుపు మీదుగా గోరు వైపుకి చుట్టసాగింది. వరస పక్కన వరస, గట్టిగా, ఎక్కడా సందు లేకుండా.

"నిజం చెప్పండి. కావాలని చేశారా?"

"ఏది?"

ఇంకో చుట్టు బిగించింది. మేస్త్రి చెప్పేశాడు.

"చెడగొడదామనే మొదలుపెట్టాను. చేతకాలేదు."

"తెలుసు. చెత్తడబ్బాలో ఒకటి చూశాను. మీ జన్మలో అంత వదులుగా ఏదీ చెయ్యలేదు మీరు. చేసినవాడు ఎంత ఏడ్చి ఉంటాడో అనుకున్నాను." చుట్టడం ఆపలేదు. "అంత కష్టంగా ఉంటే అమ్మనని చెప్పొచ్చుగా?"

"నీకు గది కావాలిగా."

ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ చుట్టింది.

"కావాలి. సగం ఇస్తారా?"

"ఇస్తాను."

"కిటికీ ఉన్న సగం."

మేస్త్రి కిటికీ వైపు చూశాడు. ఆమె దారం కొంచెం లాగింది.

"ఇస్తాను, ఇస్తాను. మిషన్ గోడ వైపు జరుపుతాను. మధ్యలో తెర కట్టుకో."

"తెర నేను కుడతాను. పొడవు మీరు కొలవకండి, రోజంతా పడుతుంది."

ఇప్పుడు బిళ్ళ అవతలికి తీసిన కొస పట్టుకుని దారం విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో వరస ఊడుతుంటే బిళ్ళ ఒక్కో వరస ముందుకి జరిగింది. కణుపు మీద ఒకసారి నిలిచి, దాటింది. దాటి ఆమె ఒళ్ళో పడింది. ఆమె దాన్ని తీసి, కన్నం అంచు చుట్టూ బొటనవేలు తిప్పి చూసింది. ఎక్కడా గరుకు తగల్లేదు.

ఫోన్ మోగింది. తమ్ముడు. అవతల రోడ్డు మీద బళ్ళ హోరు.

"అక్కా, ఆయన ఇంకా ఇక్కడే ఉన్నాడు, టీ తాగుతున్నాడు. బావ వేలు వచ్చిందా అని అడుగుతున్నాడు."

ఆమె బిళ్ళని భర్త చేతిలో పెట్టింది. ఫోన్ చెవికి దగ్గరగా పట్టుకుంది.

"ఇంకా రాలేదురా," అంది. "ఆయన్ని వెళ్ళిపొమ్మను. చూస్తుంటే ఇది ఈ జన్మలో వచ్చేలా లేదు."