గ్లాసు కదిలితే

తెల్ల గొట్టం తగిలించిన కుళాయి తిప్పి, మొదట వచ్చిన నీళ్ళను నేలపాలు కానిచ్చాడతను. రాత్రంతా గొట్టంలో నిలవున్న నీళ్ళు బండిలోకి పోకూడదు. ధార కింద వేలు పెట్టి కాసేపు ఆగాడు. నీళ్ళు చల్లబడ్డాయని వేలు చెప్పాక, బండి పక్కనున్న చిన్న మూత తీసి గొట్టం లోపలికి దూర్చాడు.

తెల్ల గొట్టం తాగే నీళ్ళకి. మురికినీళ్ళు దింపే నల్ల గొట్టం షెడ్డుకు అవతలి గోడన, వేరే మేకుకు వేలాడుతుంది. ఒకసారి తెలియక ఆ రెండింటినీ ఒకే మేకుకు తగిలించిన మెకానిక్కుతో అతను చాన్నాళ్ళు మాట్లాడలేదు.

బయట బోర్డు మీద మోటార్‌హోమ్స్ అద్దెకివ్వబడును అని రాసి ఉంటుంది కానీ, షెడ్డులో పనిచేసేవాళ్ళకి అవి ఇంటిబండ్లు. ఒక్కోదానిలో మంచం, పొయ్యి, సింకు, మనిషి పక్కకి తిరిగితే గోడ తగిలే స్నానాలగది. వాటిలో నీళ్ళ పనంతా అతనిది. అందుకే అందరూ నీళ్ళాయన అంటారు. సొంత పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుకు రాదు.

సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఎండిన రోజు లేదు. వేళ్ళ కొసలు ఎప్పుడూ నానిన శనగల్లా ముడతలు. చొక్కా జేబులో గొట్టాల మరల మీద చుట్టే తెల్ల టేపు, చేతిలో అడుగున సొట్టపడ్డ స్టీలు గ్లాసు.

ఈ బండి ట్యాంకులో నిన్న బ్లీచింగ్ కలిపిన నీళ్ళు నింపి, ప్రతి కుళాయిలోనూ ఆ వాసన వచ్చేదాకా వదిలి, రాత్రంతా ఉంచాడు. పొద్దున్నే వచ్చి అంతా దింపేశాడు. మంచినీళ్ళు నింపి మళ్ళీ దింపాడు. వాసన చచ్చాక ఇప్పుడు నింపుతున్నది అసలు నీళ్ళు.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ బండి దిగాడు. పక్కన ఇంకో బండి ఇంజను మోగుతోంది. మెకానిక్ పెదాలు కదిలాయి. బండి లోపలికి చెయ్యి చూపించి ఇంకేదో అన్నాడు. నీళ్ళాయన నవ్వి తల ఊపాడు. ఈ మధ్య అతనికి తల ఊపడం బాగా అలవాటైంది. తల ఊపితే చాలా మాటలు అక్కడితో అయిపోతాయి.

ట్యాంకు నిండి, మూత దగ్గర నీళ్ళు పొర్లాయి. గొట్టం తీసి, దాని నోటికి గుడ్డ కట్టి మేకుకు తగిలించాడు.

బండి లోపల అతని భార్య కిటికీకి తెరలు తగిలిస్తోంది. పరుపుల గలీబులు, తెరలు కుట్టే పని ఆమెది. షెడ్డు మూల ఆమె మిషను. ఇద్దరూ పొద్దున ఒకే బస్సులో వస్తారు.

ఆమె అతని ఎడమ పక్కకు వచ్చింది. అతనికి కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమదానిలో దగ్గరి మాటలకు కాస్త చోటుంది.

"ఏమయ్యా, నేను కూర్చుని వినిపెట్టనా?"

"నా పని నేను చూసుకుంటాలే."

"చూసుకుంటావు సరే. వినేది ఎవరంట, మీ తాతా?"

"పో, పోయి నీ మిషను తొక్కుకో."

"తొక్కుతా. అదైనా చెప్పిన మాట వింటుంది." ఆమె సూదుల డబ్బా తీసుకుని దిగిపోయింది.

ఇంట్లో అయితే నీళ్ళు మేడ మీది ట్యాంకు నుంచి వాటంతటవే కిందికి పడతాయి. ఇంటిబండిలో ట్యాంకు బల్ల కింద ఉంటుంది. అక్కణ్ణుంచి ఒక చిన్న పంపు నీళ్ళను కుళాయిల దాకా నెట్టాలి. కుళాయి తిప్పితే పంపు లేస్తుంది. కట్టేస్తే గొట్టాల్లో నీళ్ళు బిగుసుకుని దాన్ని నిద్రపుచ్చుతాయి. అన్నీ కట్టేసి ఉన్నా పంపు ఉండుండి టక్కుమందంటే, ఎక్కడో చెమ్మ కారుతున్నట్టు. ఆ చెమ్మ నేలచెక్కను తినేస్తుంది. పంపు రాత్రంతా లేచి లేచి బ్యాటరీని తినేస్తుంది. తెల్లారేసరికి దీపమూ ఉండదు, నీళ్ళూ ఉండవు. అందుకే నింపాక కుళాయిలన్నీ కట్టి, తలుపు మూసి, కూర్చుని వినాలి. ఈ షెడ్డులో అందరికన్నా బాగా వినేవాడని అతనికి పేరు.

ఆ పేరు చలికాలంలోనే అయిపోయింది. భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే పాపం అంటారు, గేటు దగ్గర కుర్చీ వేస్తారు. వచ్చే బండికీ పోయే బండికీ చెయ్యి ఊపుతూ కూర్చోవాలి. దానికన్నా నల్ల గొట్టంలో నీళ్ళు తాగడం నయం అనుకున్నాడు.

చెవి పోయాక గ్లాసు ఉపాయం దొరికింది. పంపు పక్కన నేల మీద నిండు గ్లాసు పెడితే, పంపు లేచినప్పుడల్లా నీళ్ళ మీద సన్నటి వలయం పుడుతుంది. వలయం లేకపోతే బండి బాగున్నట్టు. ఆ గ్లాసు నీళ్ళు తాగేసి బండిని అప్పగిస్తాడు. చూసేవాళ్ళు అదేదో అతని సెంటిమెంటు అనుకున్నారు.

కుళాయిలు కట్టి, గ్లాసు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కిటికీ లోంచి పడ్డ ఎండ నీళ్ళలో బిళ్ళలా నిలిచింది. చాలాసేపు చూశాడు. బిళ్ళ కదల్లేదు. గ్లాసెత్తి తాగేశాడు.

బండి అద్దెకు తీసుకున్న భార్యాభర్తలు వచ్చారు. ఆమె భుజాన పసివాడు నిద్రపోతున్నాడు. భర్త సామాన్లు సర్దుతుంటే, ఆమె సింకు దగ్గర పాలసీసాలు వరసగా పెట్టి అడిగింది.

"బాబాయ్‌గారూ, వీడికి పాలు కలపడానికి ఈ నీళ్ళు పనికొస్తాయాండీ?"

ఆమె ఎడమవైపే నిలబడింది, గొంతూ గట్టిదే. "కాచి చల్లార్చి కలుపుకోండమ్మా. ఇప్పుడే నేనూ తాగాను, ఇదిగో ఎదురుగా నిలబడ్డాను."

ఆమె నవ్వింది. అంతలో తల పక్కకి వంచింది. "అదేంటండీ, కింద టక్కుమంది?"

అతని చూపు ఆమె ముఖం మీద ఆగింది. పసివాడి వీపు మీద ఆమె చెయ్యి కూడా ఆగింది.

"మళ్ళీ," అందామె.

"గొట్టాల్లో గాలి ఉంటుందమ్మా. ఒక పూట తిరిగితే పోతుంది."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో అతనికే ఆశ్చర్యం వేసింది. ఆమె నమ్మింది. నీళ్ళాయన చెప్పాక నమ్మకపోవడం ఎందుకు? భర్త తాళాలు తీసుకున్నాడు, బండి కదిలింది.

గాలి ఉంటే కుళాయి తిప్పినప్పుడు నీళ్ళు తుళ్ళి పడతాయి. కట్టేసిన కుళాయి దగ్గర గాలికి పనేమిటి? అతను ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. బండి గేటు దగ్గరికి పోతోంది. వెనక కిటికీలో కొత్త తెర ఊగుతోంది. ఊరికి దూరంగా ఏదో చెట్టు కింద తెల్లారడం, పసివాడు ఏడవడం, ఆమె కుళాయి తిప్పడం, సీసా సింకులో ఖాళీగా ఉండడం. అన్నీ కళ్ళ ముందు ఆడాయి.

పరిగెత్తడం అతనికి చేతకాదు. అయినా పరిగెత్తాడు. గేటుకడ్డంగా నిలబడి గ్లాసున్న చెయ్యి పైకెత్తాడు.

"ఆపండమ్మా. గాలి కాదు. నాకు వినబడలేదు. అబద్ధం చెప్పాను."

బండి వెనక్కి వచ్చింది. మెకానిక్ వచ్చాడు. షెడ్డు యజమానురాలు ఆఫీసు గది లోంచి వచ్చి బండి మెట్టు దగ్గర నిలబడింది. ఆమె తండ్రి నాటి నుంచీ అతను అక్కడే ఉన్నాడు.

నీళ్ళాయన మిషను వైపు తిరిగి పిలిచాడు. "ఏమే, ఇట్లా రా. విను."

భార్య చేతిలోని గుడ్డ అక్కడే వదిలేసి వచ్చింది. బల్ల మీద కూర్చుని ఒళ్ళో చేతులు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి చూపుడువేలు లేపింది. మళ్ళీ కాసేపటికి లేపింది.

మెకానిక్ తల పట్టుకున్నాడు. "రాత్రుళ్ళు చప్పుడవుతోందని జనం గోల పెడుతుంటే పంపు కింద మందం రబ్బరు వేశానన్నా. పొద్దున చెప్పాను కదా. తల కూడా ఊపావు."

నీళ్ళాయన అతని పెదాలకేసి చూశాడు. భార్య అతని ఎడమచెవి దగ్గర ఆ మాటే మళ్ళీ చెప్పింది. అప్పుడు అర్థమైంది. పంపు వణుకు రబ్బరులోనే ఇంకిపోయింది. గ్లాసు దాకా రాలేదు.

సింకు కింద సొరుగు లాగి పక్కన పెట్టి, లోపలికి చెయ్యి పోనిచ్చాడు. చన్నీళ్ళ గొట్టం పొడిగా ఉంది. వేడినీళ్ళ గొట్టం వంపు తిరిగే చోట పాత పేపరు ముక్క పెట్టి తీశాడు. కొస తడికి నల్లబడింది. మర విప్పి, అరిగిన వాషరు తీసి కొత్తది వేసి, తెల్ల టేపు చుట్టి బిగించాడు. చేతులు ఎప్పటిలాగే నెమ్మదిగా, తొందర లేకుండా పనిచేశాయి. పంపు వేసి, కుళాయి ఒకసారి తిప్పి కట్టి, భార్య వేలికేసి చూస్తూ కూర్చున్నాడు.

పసివాడు ఒకసారి మూలిగాడు. భార్య వేలు ఒళ్ళోనే ఉంది. చాలాసేపు ఉంది.

"పంపు బంగారంలా నిద్రపోయింది," అని ఆమె లేచింది.

పసివాడి తల్లి మెట్టు దగ్గర అతనితో ఏదో అంది. ఈసారి అతను తల ఊపలేదు. "ఇంకొంచెం గట్టిగా చెప్పమ్మా," అన్నాడు.

"పోయొస్తాం బాబాయ్‌గారూ అంటున్నాను!"

"మంచిది తల్లీ. వీడు ఏడిస్తే మాత్రం గాలి అనుకోకు."

ఆమె పెద్దగా నవ్వింది. బండి వెళ్ళిపోయింది.

అతను తిరిగి షెడ్డులోకి పోయి, వరసలో ఉన్న రెండో బండి పని పట్టాడు. ట్యాంకు నింపాడు, కుళాయిలు కట్టాడు, గ్లాసు నింపి నేల మీద పెట్టాడు. దాని ముందు కూర్చుని ఉండగా యజమానురాలు లోపలికి వచ్చి, అతని పక్కనే నేల మీద చతికిలబడింది.

"ఎన్నాళ్ళ నుంచి బాబాయ్?"

"చలికాలం నుంచమ్మా."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా."

"చెబితే గేటు దగ్గర కుర్చీ వేస్తావు."

ఆమె గ్లాసుకేసి చూసింది. కాదనలేదు.

"అక్కడ కూర్చోలేనమ్మా. కొత్తగా ఎవరినైనా పెట్టుకో. వచ్చి పని చూపిస్తా. వినడం మాత్రం వాళ్ళే వినాలి." జేబులోని తెల్ల టేపు తీసి బల్ల మీద పెట్టాడు. బండి తాళాలు దాని పక్కన పెట్టాడు. లేచేటప్పుడు ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. తండ్రిని లేపినట్టే లేపింది.

ఎండ ఇంకా ఉంది. భార్య మిషను దగ్గర సగం కుట్టిన గలీబు ఉంది. అతను ఎదురుగా నిలబడ్డాడు. ఆమె కత్తెర ఆపి, ముఖం చూసి, లేచి ఎడమవైపుకు వచ్చింది.

"ఇచ్చేశావా?"

"ఇచ్చేశా."

"సరేలే. ఇది కుట్టి వస్తాను. నువ్వు పోయి కుక్కరు పెట్టు."

"ఊఁ."

"విజిలు కోసం కూర్చోకు. ఆవిరి చూసి ఆపు. ఇల్లు తగలెట్టేవు."

అతను నవ్వాడు. ఆమె నవ్వకుండా అతని చొక్కా భుజం మీది దారప్పోగు తీసేసింది. మళ్ళీ మిషను దగ్గర కూర్చుని, అతను వాకిలి దాటేదాకా చక్రం తిప్పలేదు.

గేటు బరువైనది. చప్పుడు వినబడక, ఎంత బలంగా వెయ్యాలో ఇప్పుడు అతనికి తెలియదు. కాస్త గట్టిగానే వేశాడు.

రెండో బండిలో, బల్ల పక్కన నేల మీద, సొట్టపడ్డ స్టీలు గ్లాసు అంచుదాకా నీళ్ళతో అలాగే ఉంది. గేటు చప్పుడుకు ఆ నీళ్ళు ఒక్కసారి వణికి, మళ్ళీ సర్దుకున్నాయి.