ముందుగా తలూపినవాడు

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆయన భద్రతాధికారి. అంతకుముందు రెండేళ్లు ఆరో తరగతికి లెక్కలు చెప్పాడు. ఆ రెండేళ్లలో పిల్లలకు ఏం వచ్చిందో గానీ, ఆయనకు ఒకటి తెలిసొచ్చింది: "అర్థమైందా?" అనగానే అందరికంటే ముందు తలూపేవాడికి ఏమీ అర్థం కాలేదని. యాభైమంది తలూపిన భిన్నాల పాఠంలో, పరీక్షనాడు గట్టెక్కింది నలుగురే.

అందుకే ఫ్యాక్టరీలో రోజూ పొద్దున్నే పది నిమిషాలు అందరిచేతా పాఠం ఒప్పజెప్పించేవాడు. మెషీన్‌లో అట్ట ఇరుక్కుంటే ముందు కరెంటు ఆపాలి, స్విచ్చికి తాళం వెయ్యాలి, తాళంచెవి జేబులో వేసుకోవాలి, ఆ తర్వాతే చెయ్యి లోపల పెట్టాలి.

"ఒప్పజెప్పు సారొచ్చారు, చేతులు కట్టుకోండర్రా" అని అట్టలు కోసే పెద్దక్క ఆటపట్టించేది. ఆయన రాకముందే ఆమె కుడిచేతి వేళ్లు రెండు ఆ మెషీన్‌లో పోయాయి. పాఠం మాత్రం పొల్లుపోకుండా చెప్పేది.

ఒకనాడు మేనేజరు పిలిచాడు.

"మీ పది నిమిషాలకి రోజూ మూడొందల పెట్టెలు తగ్గుతున్నాయండీ. సోమవారం నుంచి ఆ పాఠమేదో గోడకి అంటించి, అందరి సంతకాలు తీసుకోండి, చాలు. అర్థమైందా?"

ఆయన తలూపాడు. గబుక్కున, మొదటి బెంచీవాడిలా.

గుమ్మం బయటే పెద్దక్క ఎదురైంది. "ఏమన్నారు సార్?"

"ఇకమీదట సంతకాలు చాలన్నారు."

"ఎందుకట?"

"అంటే... అదీ... పెట్టెలు..." అన్నాడు ఆయన.

"మేమిలా నీళ్లు నమిలితే మీరు ఊరుకునేవారా?" అని ఆమె తన పని మీద వెళ్లిపోయింది.

ఆయన మళ్లీ లోపలికి నడిచాడు.

"సార్, మీరు చెప్పింది ఒకసారి ఒప్పజెబుతాను, తప్పుంటే దిద్దండి. రేపు ఎవరి చెయ్యయినా మెషీన్‌లో పడితే, సంతకం పెట్టారు గనక తప్పు వాళ్లదే, మనది కాదు. అంతేనా?"

మేనేజరు కలానికి మూత పెట్టాడు, తీశాడు. "నేనలా అన్లేదే."

"మరెలాగో మీ మాటల్లో చెప్పండి సార్. తొందరేం లేదు."

మేనేజరు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ చూపు ఆయనకు బాగా తెలుసు. జవాబు బయటెక్కడో రాసి ఉన్నట్టు ఆరో తరగతి పిల్లలూ అలాగే చూసేవారు. అప్పట్లోలాగే ఆయన జవాబు అందివ్వకుండా, తొందరపెట్టకుండా ఆగాడు.

"సరేలెండి, మీ క్లాసు మీరు పెట్టుకోండి" అన్నాడు చివరికి మేనేజరు. "నన్ను మాత్రం ఇలా నిలబెట్టకండి."

పాపం, మనిషి కుర్చీలోనే ఉన్నాడు.