మెడ కింద నుంచి

“తల కోసెయ్,” అన్నారు మా ఆయన ఇడ్లీ తుంచి చట్నీలో ముంచుతూ. “ఒక్కో ఫొటో చేత్తో కోస్తూ కూర్చుంటే ఎప్పటికి తెముల్తుంది? అన్నీ ఒకేసారి కోసి చిన్నవి చేసే ప్లగిన్లు ఉంటాయంట, సైట్‌కి తగిలించుకునేవి. ఏదో ఒకటి చూసి పెట్టెయ్. సాయంత్రానికి అయిపోవాలి.”

కోయమన్నది నా తలే. మండపేట మెయిన్ రోడ్డులో మాది చీరల కొట్టు, పైన ఇల్లు. కొత్త చీరల బేలు విప్పితే మొదటి చీర ఇంటి కోడలు కట్టి లక్ష్మీదేవి పటం ముందు దీపం పెట్టాలని మా అత్తగారింటి ఆనవాయితీ. కోడలు కట్టిన సరుకు కొట్లో నిలవదట. కొట్టుకి వెబ్‌సైట్ పెట్టాక ఆ ఆనవాయితీకి ఫొటో తోడైంది. ఫోన్ని బియ్యం డబ్బాకి ఆనించి ఫొటో నేనే తీసుకుంటాను. మధ్యాహ్నం వంటిల్లు సర్దాక కంప్యూటర్ ముందు కూర్చుని, మెడ దగ్గర కోసి సైట్లో పెడతాను. “కోడలి మొహం ఊరందరి ఫోన్లలో తిరగడం ఏంటమ్మా, మర్యాదస్తుల ఇల్లు,” అన్నారు మా అత్తగారు రత్నమాణిక్యం మొదట్లోనే. మెడ కింద నుంచి పాదాల దాకా ఎంతమంది ఫోన్లలో తిరిగినా మర్యాదకి లోటు లేదు కాబోలు. అడిగితే నోరు పెరిగిందంటారు. అడగలేదు.

నిన్న ద్రాక్షారామం నుంచి ఆశాజ్యోతిగారని ఒకావిడ సైట్లో పేరూ ఫోన్ నంబరూ ఇచ్చి పెళ్లి చీరలకి వచ్చింది. కాఫీ తీసుకుని కిందికి వెళ్లాను. గ్లాసు అందిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. “ఏవండీ, సైట్లో చీరలు కట్టేది మీరే కదూ! ఈ మచ్చ చూసి పోల్చుకున్నానండి. కుచ్చిళ్లు ఎంత బాగా పెడతారండీ!” అది అట్లతద్దికి ఈ ఇంట్లో అట్లు పోస్తుంటే పెనం తగిలిన మచ్చ. దాన్ని చూసి నన్ను గుర్తుపట్టిన మనిషి ఒకరున్నారని నాకెంత సంతోషం వేసిందో! నేను నోరు తెరిచేలోపే మా ఆయన నవ్వేశారు. “భలేవారండీ! ఆ అమ్మాయి హైదరాబాద్ మోడలండి. మా ఇంట్లో వాళ్లకి ఇయ్యన్నీ ఎక్కడ వచ్చండి?” ఆవిడ నా మచ్చ వంక చూసింది, నా మొహం వంక చూసింది. ఖాళీ ట్రే పట్టుకుని మెట్లెక్కి వచ్చేశాను.

అందుకే ఈ పొద్దున ఆయన ఇంకో మాట చేర్చారు. “మోచేతుల దగ్గర కూడా కోసెయ్, మచ్చ కనపడకూడదు. లోపలున్న అసలు ఫొటోలు కూడా తీసెయ్ దుర్గా, సైట్ బరువెక్కి కదలట్లేదు.”

కోసినవే బయటికి కనపడతాయి. కొయ్యనివి సైట్ లోపల అలాగే ఉంటాయి. తీసేసే ముందు ఒకసారి చూద్దామని తెరిచాను. పెళ్లి ఆల్బం తర్వాత నా ఫొటో అంటూ ఎవరూ తీసింది లేదు. నేనంతా ఇక్కడే ఉన్నాను. జ్వరంలో కట్టిన పసుపు రంగు మంగళగిరి. కడుపు పోయిన నెలలో కట్టిన ఆకుపచ్చ ఉప్పాడ, కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆ చీర బాగా అమ్ముడుపోయిందని మా ఆయన కొట్లో మిఠాయి పంచారు, నాకూ ఒకటి పైకి పంపారు. ఇవి కూడా పోతే నేను ఈ ఇంట్లో బతికానని ఎవరికి తెలుస్తుంది? నాకైనా గుర్తుంటుందా?

కుక్కర్ కూతలు పెడుతుంటే ప్లగిన్ల గురించి చదివాను. ఒకటి ఎక్కడ గీత గీస్తే అక్కడ అన్నిటినీ కోసేసి, అసలువి చెరిపేస్తుంది. మా ఆయనకి కావలసింది అదే. ఇంకోదాంట్లో ఒక్కోటీ చేత్తో కోసుకోవాలి, ఇన్నాళ్లూ చేస్తున్న చాకిరీయే. మూడోది ఫొటోలో మనిషి మొహాన్ని వెతుకుతుందట. ఎంత చిన్నది చేసినా, ఎటు కోసినా, మొహాన్ని మాత్రం వదలదట. ఆ వాక్యం దగ్గర నాకు ఏడుపు ఆగలేదు. ఈ ఇంట్లో నా మొహం వెతికినవాళ్లు లేరు.

“వంటైందా అమ్మాయ్?” అత్తగారు హాల్లోంచి. అయిందన్నాను. కాలేదు. మూడోది పెడితే ఏం చేస్తారు? మొగల్తూరు, మా పుట్టింటికి పంపేస్తారా? పంపితే మా అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, “ఫొటోల కోసం కాపురం చెడగొట్టుకున్నావటే?” అంటుంది. నాకు ఎటూ దారి లేదు. దారి లేనప్పుడు భయపడి మాత్రం దాచుకునేదేముంది?

మూడోదే పెట్టాను. పాత ఫొటోలన్నీ మళ్లీ కొయ్యమని నొక్కాను. సైట్లో ఒక్కో చీర మీదా ఒక్కో మొహం వస్తోంది. జ్వరం మొహం, ఉబ్బిన కళ్ల మొహం, అన్నీ నావే. అంత అందంగా ఏమీ లేను. మళ్లీ మళ్లీ చూసుకున్నాను.

కొట్లోంచి ఆయన ఫోన్.

“అయిందా?”

“అయిందండి.”

“తలలన్నీ పోయాయా?”

“లేదండి, వచ్చాయి. ద్రాక్షారామం ఆవిడకి కూడా సైట్ లింకు పంపాను.”