సిడ్నీ నుంచి సాంటియాగో ఎంత దూరం?

శుక్రవారం సాయంత్రం క్లబ్బులో మైకు చేతికొస్తే మర్నా ప్రౌస్‌కి ఇక ప్రపంచంతో పనిలేదు. బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యాక ఆమెకు మిగిలిన పెత్తనం ఈ క్విజ్ ఒక్కటే. పదకొండేళ్లుగా ప్రశ్నలూ ఆమెవే, జవాబులూ ఆమెవే. తన జవాబు తప్పని తేలిన రోజు మైకు వదిలేస్తానని నలుగురిలో గొప్పలు పోయింది కూడా.

ఆ వారం డారెల్ జట్టూ మందులషాపు వాళ్ల జట్టూ సమంగా నిలిచాయి. బహుమతి మాంసం ట్రే. అందరి కళ్లూ అందులోని గొర్రె చాప్స్ మీదే ఉన్నాయి. సిడ్నీ విమానాశ్రయం నుంచి సాంటియాగో విమానాశ్రయానికి గాలిలో దగ్గరిదారి ఎంతో చెప్పమని, దగ్గరగా చెప్పినవాళ్లదే ట్రే అని మర్నా తేల్చేసింది. మందులషాపు వాళ్లు పన్నెండున్నర వేల కిలోమీటర్లన్నారు. చేపల పడవ నడిపే డారెల్ పదకొండు వేల నాలుగు వందలన్నాడు. మర్నా కార్డు మీద పన్నెండు వేల ఏడు వందల డెబ్బై ఉంది. రెండు ఊళ్లూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి కదా అని ఆ గీత వెంటే లెక్కకట్టింది.

ట్రే మందులషాపు వాళ్లకి ఇవ్వబోతుంటే డారెల్ లేచాడు.

"తప్పు మిస్. దగ్గరిదారి ఆ గీత వెంట పోదు, కింద దక్షిణ ధ్రువం మంచు వైపు దిగి పోద్ది. ఎనిమిదో క్లాసులో ఇదే రాస్తే నాకు సున్నా వేశారు."

"మళ్లీ వేస్తాను, కూర్చో," అంది మర్నా.

క్లబ్బంతా నవ్వింది. డారెల్ కూర్చోలేదు. క్లబ్బు గెలిచిన కప్పులు పెట్టే బీరువాలోని గ్లోబు తెచ్చి ఆమె ముందు పెట్టి, జేబులోంచి గాలపు దారం తీసిచ్చాడు.

మర్నా దారాన్ని గీత వెంట పరిచి, రెండు ఊళ్ల దగ్గరా వేళ్లతో అదిమింది. లాగి పట్టమన్నాడు డారెల్. లాగగానే దారం జారి దక్షిణానికి దిగిపోయింది. ఆమె వేళ్ల కింద బొటనవేలంత దారం మిగిలిపోయింది.

ఆ మిగులు ఆమెకు తప్ప ఎవరికీ కనబడదు. వేలు కాస్త జరిపితే పరువూ మైకూ రెండూ దక్కుతాయి. అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఆశపడింది. కానీ ముప్ఫై ఏళ్లు పిల్లలకు తప్పు నేర్పానే అన్న సిగ్గు ముందు ఆ ఆశ నిలవలేదు. చుట్టూ నలభై వేల కిలోమీటర్లుండే భూమధ్యరేఖ మీద దారాన్ని పరిచి, ఆ లెక్కన కొలిచింది.

"పదకొండు వేల మూడు వందల చిల్లర. తప్పు నాదే," అని మైకులోనే చెప్పి, ఆ మైకు డారెల్ చేతిలో పెట్టింది.

డారెల్ ట్రే వైపు చూడనైనా లేదు.

"ఇప్పుడు ప్రశ్న నాది. మీకే, మిస్. ఆ రోజు నాకు రావాల్సిన మార్కులెన్ని?"

మర్నా ఆలోచించింది. "పదికి తొమ్మిది."

"ఇంకొకటేదీ?"

"కోడి గీకినట్టుండేది నీ రాత. దానికి తగ్గించాను."

డారెల్ ఒప్పుకున్నాడు. మైకు ఆమెకే తిరిగిచ్చి, గెలిచిన మాంసం బల్ల మీదే మరిచిపోయి, బయటికెళ్లి వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. యాభై రెండేళ్ల మనిషి, భూగోళంలో తొమ్మిదొచ్చాయని చెబుతుంటే లోపలిదాకా వినబడింది.