తెల్లని గులివింద

బందరులోని మా జీవశాస్త్ర కళాశాలలో ఆచార్య ఈశ్వరప్రసాద్ గారికి సముద్రజీవుల మీద ఎంత ప్రేమో, చేపల వాసన మీద అంత రోత. మంగినపూడి నుంచి చేపలమ్మే తాతమ్మ తెచ్చే సరుకును నేను వెనక వరండాలోనే ఏరి ఫార్మలిన్ సీసాల్లో వేసేవాడిని. వారం గడిచి నీచువాసన పోయాకే సీసా ఆయన బల్ల మీదికి చేరాలన్నది నియమం. ఇరవై ఏళ్లుగా సముద్రాన్ని బోధిస్తున్న ఆ మనిషి తాజా చేపను కళ్లారా చూసి ఎరుగడు.

1958 వేసవిలో ఒక సీసాలోని తెల్లని చేపను చూసి ఆయన పరవశించారు. గులివింద చేప ఎర్రనిది గనుక, అదే ఆకారంలో ఉన్న ఈ తెల్లనిది కొత్త జాతి అని తేల్చారు. ఫార్మలిన్‌లో ఎరుపు వెలిసిపోతుందని ఏటా విద్యార్థులకు చెప్పేది ఆయనే. నాకూ తెలుసు. నా డిమాన్‌స్ట్రేటర్ ఉద్యోగం ఆయన సంతకంతో ఖాయం కావాలనీ తెలుసు. ఆదివారం ప్రార్థన ముగిశాక సత్యాన్ని గురించి లావుపాటి గ్రంథాలు చదివే నేను, సీసా చీటీ మీద కొత్త పేరును ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

పరిశోధన శాఖ మంజూరు కోసం విశ్వవిద్యాలయం నుంచి ముగ్గురు పెద్దలు వచ్చిన రోజున తాతమ్మ బుట్టతో వరండాలో ఉంది. కిటికీలోంచి సీసాను చూసి పకపకా నవ్వింది.

“అమ్మో, గులివింద ఇట్టా పాలిపోయిందేంటండీ! ఉప్పేసి ఎండబెట్టినా ఇంత తెల్లబడదే!”

“అది కొత్త జాతి, తాతమ్మా,” అన్నారు ఈశ్వరప్రసాద్ గారు, ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకుని. “లోకంలో ఎవరూ చూడనిది.”

“మా కోడలు రోజూ పులుసు పెడతానే ఉందండీ దీన్ని! నా బుట్టలోంచి ఏరింది విల్సన్ బాబేగా. ఎర్రగా భలే ఉందని మురిసిపోయారు కూడా. అడగండి!”

పెద్దలు నా వైపు తిరిగారు.

“చెప్పవయ్యా విల్సన్,” అన్నారు ఆచార్యులవారు.

“అది వేరు, ఇది వేరండీ.”

తాతమ్మ నవ్వు ఆగిపోయింది. “చదువుకున్నోళ్లు. మీరంటే అంతే మరి,” అని బుట్ట నెత్తికెత్తుకుంది.

నెల తిరగకుండానే నా ఉద్యోగం ఖాయమైంది. చేపను చూడకుండా పేరు పెట్టినవాడిని ఇన్నాళ్లూ మనసులో వెక్కిరించాను. ఆయన చూడలేదు. నేను చూశాను.

ఆ తర్వాతి శుక్రవారం తాతమ్మ బుట్ట దించి, ఎర్రగా మెరుస్తున్న గులివిందను తోక పట్టి ఎత్తింది.

“దీన్నేమనమంటారు బాబూ? మీరేదంటే నేనూ అదే అంటాను.”

నేను ఫార్మలిన్ సీసా మూత తీసి పట్టుకున్నాను.