ఒడ్డున వదిలేసిన ఎడమ చెప్పు

నేను ఒక జత సముద్రపు చెప్పుల్లో ఎడమ కాలిదాన్ని. తొమ్మిదో నంబరు. వేళ్ల నుంచి మడమ దాకా పాదాన్ని మూసే రబ్బరు చెప్పును. ఏ దేశపు అచ్చులో పోశారో నా అడుగున రాసి ఉండేది, ఇసుకకు అరిగిపోయింది. నాకు గుర్తున్న జీవితం మారిషస్ దీవిలో, మహేబూర్ సోమవారం సంతలో మొదలైంది. అక్కడ సరోజినీ రామసామి అనే ఆమె ఆరు జతలు బేరమాడి కొంది. సముద్రం ఒడ్డున ఆమెకు ఒక ఇల్లుంది. భర్త పోయాక అందులో మూడు గదులు అతిథులకు అద్దెకిస్తుంది.

ఆమె పూర్వులు చెరకు తోటల్లో కూలికి గోదావరి వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఇంట్లో ఆమె మాట్లాడేది ఆ దీవి వాళ్ల భాష క్రియోల్. తెలుగు సాయంత్రపు బడిలో, పుస్తకంలోంచి నేర్చుకుంది. అందుకే ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లకు జాగ్రత్తలు చెబుతుంటే పాఠం అప్పజెప్పినట్టుంటుంది.

"మధ్యాహ్నపు ఎండలో తిరుగరాదు. అలలు విరుగుచున్న తెల్లని గీతను దాటి ఈదరాదు. ఆరు గంటల పిమ్మట బస్సులు తగ్గిపోవును, ముందే తిరిగి రావలెను. తుఫాను హెచ్చరిక వచ్చినచో ఇల్లు విడువరాదు. ఈ చెప్పులు లేనిదే నీటిలో కాలు మోపరాదు. అడుగున ఒళ్లెల్ల సూదులుగల ముళ్లబంతులను ప్రాణులుండును. రాయి వలె కనబడు విషపు చేపయు ఉండును."

అందరూ తలూపుతారు. తరవాత ఎవరి పని వాళ్లది. ఒక కొత్త పెళ్లికూతురు ఫోటోలో బాగుండనని నన్ను విప్పి విసిరేసింది. ఒక లెక్చరరు గారు నాతో బల్లిని కొట్టారు. ఒకాయన నన్ను వేసుకుని బస్సెక్కి బజారంతా తిరిగొచ్చి, నీళ్ల దగ్గర మాత్రం ఒట్టికాళ్లతో దిగాడు. మూడేళ్లలో నేను సముద్రంలోకి దిగింది తక్కువ.

అప్పుడు తాళ్లరేవు నుంచి సత్తిరాజు, ఆయన భార్య నూకరత్నం వచ్చారు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. సత్తిరాజు ముత్తాత తమ్ముడు గవరయ్య, కోరంగి రేవులో ఓడెక్కి ఈ దీవికి వచ్చి మళ్లీ తిరిగి వెళ్లలేదు. ఆయన పేర ఎవరూ నీళ్లు వదల్లేదు. ఆ పని చేయాలని సత్తిరాజు వచ్చాడు. ఆయనకు ఇరవై ఏళ్లుగా షుగరు. ఎడమ కాలికి చిటికెన వేలు లేదు. అరికాళ్లకు స్పర్శ లేదు.

ఆ కాలికి నన్ను తొడిగి, పట్టీ బిగించింది నూకరత్నమే. "ఈసారి పుండు పడితే పాదం తీసేస్తానన్నారు డాక్టరు గారు. గుర్తుందా?"

"నువ్వు మర్చిపోనిస్తే కదే!"

అమావాస్య నాడు పొద్దున్నే నువ్వుల పొట్లంతో బయల్దేరారు. విత్తనాలు తేవద్దని, విమానాశ్రయంలో తీసేసుకుంటారని సరోజిని ముందే ఫోనులో చెప్పడంతో నువ్వులు ఇక్కడి కొట్లోనే కొన్నారు. నీటి అంచుకు రాగానే సత్తిరాజు వంగి నన్ను విప్పాడు.

"ఇదేంటండీ, విప్పేత్తన్నారు?"

"చెప్పులేసుకుని పెద్దోళ్లకి నీళ్లొదుల్తారేంటే? ఇన్నాళ్లకొచ్చి చెప్పుకాళ్లతో పిలవమంటావా ఆయన్ని?"

"ముళ్లు దిగితేనో?"

"మోకాల్లోతే కదా. గోదాట్లో ఈదినోణ్ణి నేను."

"గోదాట్లో ఈదినప్పుడు మీకు పది వేళ్లున్నాయి."

ఆయన నవ్వి నీళ్లలోకి నడిచాడు. ఆమె కోపంతో ఇంటికి తిరిగిపోయింది. నేను ఒడ్డున ఉండిపోయాను. ఆయన తప్పేమీ నాకు కనబడలేదు. గుడి ముందైనా, గడప ముందైనా చెప్పులు విడవడం పుట్టినప్పటి నుంచీ ఆ కాళ్లకున్న అలవాటు.

పేరు పలికి మొదటి దోసిలి వదిలాడు. ఇంతలో ఒక అల వచ్చి నువ్వుల పొట్లం లాక్కుపోయింది. గదిలో ఇంకో పొట్లం ఉంది. దానికోసం ఒడ్డుకొచ్చి కాలు నాలో దూర్చాడు.

నాకు అప్పుడే తెలిసింది. సముద్రపు నీరు చల్లగా ఉంటుంది. నాలోకి వచ్చిన తడి వెచ్చగా ఉంది. మడమ కింద మూడు చోట్ల, వేళ్ల మొదట్లో రెండు చోట్ల మొనలు నాకు గుచ్చుకున్నాయి. అడుగు వేసినప్పుడల్లా అవి ఆయన పాదంలోకి ఇంకాస్త దిగుతున్నాయి. ఆయన ఈల వేసుకుంటూ నడుస్తున్నాడు. నాకు నోరు లేదు.

నీళ్లు బయటికి పోవడానికి నా అడుగున చిన్న రంధ్రాలున్నాయి. వరండాలో తెల్లటి పలకల మీద ఆయన మూడడుగులు వేశాడో లేదో, నూకరత్నం కేక పెట్టింది.

"ఆగండి! ఆ కాలు కదపకండి!"

"ఏం తొక్కానే?" అని వెనక్కి చూశాడు. పలకల మీద ఎడమ అడుగులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఆయన ఈల ఆగిపోయింది.

ఆమె నన్ను లాగబోతే సరోజిని చెయ్యి పట్టుకుంది. "లాగరాదు! ముళ్లు లోపల విరుగును!" అని, కత్తెర తెచ్చి నన్ను పై అంచు నుంచి వేళ్ల దాకా కోసింది. తరవాత ఆమె తెలుగు అయిపోయింది; పక్కింటి కారు కోసం క్రియోల్లో అరుస్తూ పరుగెత్తింది.

అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. చూసినవాళ్లు వెంటనే తెచ్చారు కాబట్టి పాదం నిలిచిందన్నారట. తిరుగు ప్రయాణానికి ఒక్క పూట మిగిలింది. కట్టు తడవకూడదు. సత్తిరాజు ఇసుకలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని సముద్రాన్నే చూస్తున్నాడు. "ఒక్క దోసిలితో ఆపేశాను. పిలిచి అన్నం పెట్టకుండా పంపినట్టయింది."

మిగతా జతలు అతిథుల కాళ్లకున్నాయి. నూకరత్నం కుడి చెప్పు తొడుక్కుని, సరోజిని ఇంకా పారేయని నన్ను కోసిన చోట పాత చీర పేలికతో చుట్టి తన ఎడమ కాలికి కట్టుకుంది.

"ఆడాళ్లు వదలకూడదేమోనే," అన్నాడు సత్తిరాజు.

"మీరు పేరు చెప్పండి, నేను నీళ్లొదుల్తాను. చెప్పుల్తో వచ్చానని ఆయనకి కోపమొత్తే నన్నే అడగమనండి."

ఆయన కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడు. ఆమె మోకాలి లోతుకు వెళ్లి నిలబడ్డాక గొంతెత్తాడు. "కోరంగి నించి ఓడెక్కిన మా గవరయ్య తాత!" ఆమె నీళ్లు వదిలింది. ఆయన మళ్లీ పిలిచాడు. ఆమె మళ్లీ వదిలింది.

అప్పుడు ఒడ్డు నుంచి సరోజిని గొంతు వినబడింది. జాగ్రత్తలు చెప్పే గొంతు కాదది. "మా వారికిని ఒక దోసిలి విడువవచ్చునా?"

"పేరేంటమ్మా?"

"లచ్చుమయ్య."

నూకరత్నం వంగి నీళ్లు తీసుకుంది. మా ముందే, జానెడు దూరంలో, అడుగున నల్లగా ఒక ముళ్లబంతి ఉంది. ఆమె దాన్ని చూసింది. దాని పక్కనే కాలు ఆనించి, లచ్చుమయ్య పేరు చెప్పి దోసిలి విప్పింది.