గౌతమి స్పెల్లింగు

సుందరి పమిట చెంగు నడుముకు బిగించి, మెత్తటి గుడ్డతో వసిష్ఠ ముఖం తుడుస్తోంది. వసిష్ఠ అంటే నది కాదు, కంప్యూటరు. నగరం అనే ఊరి దగ్గర గ్యాసు కంపెనీ వాళ్ళ క్యాంపులో, కొబ్బరితోట కొట్టేసి వేసిన రేకుల షెడ్డులో, చల్లటి ఏసీ గదిలో కొత్తపెళ్ళికొడుకులా కూర్చుని ఉంటుంది. వాకిలికి అవతలి గదిలో దాని తోడు గౌతమి. గ్యాసు బావుల లెక్కలన్నీ గౌతమి దగ్గరున్న డిస్కుల్లోనే ఉంటాయి. వసిష్ఠకి సొంత బీరువా లేదు. రెండు గదుల మధ్యా వాకిలి మట్టికింద వేసిన నల్లటి వైరు గుండా గౌతమి బీరువానే తనదనుకుని వాడుకుంటుంది. కోనసీమకి అటూ ఇటూ ఉన్న గోదారి పాయల పేర్లు పెట్టి, మధ్యలో ఉన్న వైనతేయని మరిచిపోయారు మహానుభావులు. బోడసకుర్రు రేవులో పంటు ఎక్కి రోజూ ఆ వైనతేయని దాటి వచ్చే సుందరికి అదో చిన్న కోపం.

ఆమెకి నలభై దగ్గరపడ్డాయి. పొట్టి మనిషి, చామనఛాయ. గంజిపెట్టిన బండారులంక నేతచీర సాయంత్రానిక్కూడా నలగదు. అమలాపురంలో టైపు నేర్పీ నేర్పీ వేళ్ళ చివర్లు చదునైపోయాయి. అక్కడ అందరూ ఆమెని "టైపమ్మాయి" అనేవారు. ఇక్కడ "కంప్యూటరమ్మాయి" అంటున్నారు. ఎవరన్నా, ఎన్నిసార్లన్నా, ఆమె తలెత్తి "నా పేరు సుందరి అండి" అని చెప్పి మళ్ళీ తల దించుకుంటుంది. విసుగన్నది లేదు.

ఆ రోజు తెల్లారగట్ల కరెంటు పోయింది. జనరేటరు అందుకోవాలి. బెల్టు తెగి అందుకోలేదు. కంప్యూటర్లు రెండూ ఉన్నపళంగా ఆరిపోయాయి. జనరేటరు చూసే త్రిమూర్తులు ఒళ్ళంతా నూనె మరకలతో కొత్త బెల్టు వేసి నిలబెట్టేసరికి సుందరి వచ్చింది. ముందు గౌతమిని లేపింది, లేచింది. తరవాత వసిష్ఠని లేపింది, అదీ లేచింది. కాని గౌతమి బీరువా తెరవమంటే మాత్రం, ఆ పేరు గలవాళ్ళెవరో నాకు తెలియదని మొండికేసింది.

"వైరు పోయుంటుందండి," అన్నాడు సోమేశ్వరరావు. కాకినాడ నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు, మంచివాడు, పెద్దసారంటే హడలు. "పందికొక్కులు కొరికేసుంటాయి. త్రిమూర్తులూ, గునపం తీసుకురా."

అంతలో ఫోను మోగింది. సోమేశ్వరరావు నిలబడే మాట్లాడి, నిలబడే పెట్టేశాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"పెద్దసారు రాజమండ్రిలో బయలుదేరేరంట. లెక్కలన్నీ ఎక్కించిన టేపు సిద్ధంగా ఉండాలంట," అని త్రిమూర్తులు వైపు చూడలేక గోడవైపు చూశాడు. "జనరేటరు ఆగబట్టే మిషను పాడయ్యిందంటున్నారు. నిన్ను తాళాలు ఇచ్చేసి పొమ్మన్నారయ్యా."

త్రిమూర్తులు మొలలో దోపుకున్న తాళాల గుత్తిని ఒకసారి తడుముకుని, "ముందు వైరు తవ్వి చూద్దారండి," అని బయటికి నడిచాడు. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు, మంచాన పడ్డ తల్లి. నీ సంగతేమిటని అడిగితే కాళ్ళు పట్టుకునే మనిషే, కాని అడిగినవాళ్ళు లేరు.

సుందరి తెర ముందు కూర్చుంది. వసిష్ఠ తెలియదంటున్న ఆ పేరుని ఒక్కొక్క అక్షరమే చదివింది. జీ ఏ యూ టీ ఏ ఎమ్ ఐ. అది పాతపేరు.

కిందటివారం ఆ పేరు మార్చింది తనే. పెద్దసారు ఎక్కడో ఉత్తరాదివాడు, తన అలవాటు చొప్పున ఆ అక్షరాలు రాయించాడు. టీ పక్కన హెచ్ లేకపోతే అది గౌతమి ఎలా అవుతుంది, గౌటమి అవుతుంది గాని! గోదారి జిల్లాల్లో ఏ బడిపిల్లనడిగినా జీ ఓ డబ్ల్యూ టీ హెచ్ ఏ ఎమ్ ఐ అని అప్పజెబుతుంది. రెండేళ్ళు ఓర్చుకుని, మూడుసార్లు మనవి చేసుకుని, ఇక లాభం లేదని మధ్యాహ్నం ఒంటరిగా ఉన్నప్పుడు దిద్దేసింది. అప్పుడేమీ కాలేదు. తెరిచిన బీరువా తెరిచే ఉంది కాబట్టి పని నడిచిపోయింది. ఇవాళ పడి లేచాక వసిష్ఠ మళ్ళీ పేరు పెట్టి వెతుక్కోవలసి వచ్చింది.

వెతకగా వెతకగా సుందరికి ఇప్పుడు తెలిసింది, వసిష్ఠ దగ్గర ఆ పేరు రెండు చోట్ల ఉంటుందని. ఎవరు ఎక్కడుంటారో చెప్పే చోటు ఒకటి. లేవగానే ఎవరి బీరువా తెరవాలో చెప్పే చోటు ఇంకొకటి. మొదటిదాంట్లో తను దిద్దిన పేరుంది. రెండోదాంట్లో పాతదే ఉంది. ఒకే మనిషికి రెండు పేర్లు, పాపం వసిష్ఠ ఏం చేస్తుంది!

కిటికీలోంచి మగవాళ్ళిద్దరూ మట్టి తవ్వుతూ కనబడుతున్నారు. హెచ్ తీసేసి పాతపేరు పెట్టేస్తే చాలు, ఒక్కరికీ తెలియదు. వైరే కుదుటపడిందనుకుంటారు. చెయ్యి మీటల మీదికి వెళ్ళింది కూడా. కాని త్రిమూర్తులు తాళాలు? అవి అతనికి దక్కవు.

ఇంకొకటి కూడా ఉంది. సుందరి తల్లి దీనమ్మ నలభై ఏళ్ళు పరాయి చేలల్లో ఊడ్పులు ఊడ్చింది. కామందుగారింట్లో ఆమెని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. "ఒసే" అంటే పలికేది. ఆమె పోయినప్పుడు అల్లవరంలో సమాధి మీద పెయింటరు "దానమ్మ" అని రాస్తే, వచ్చిన చుట్టాలు సర్దుకుపొమ్మన్నారు. సుందరి సర్దుకోలేదు. కిరసనాయిలు గుడ్డతో తుడిపించి, దీర్ఘం తీయించి, గుడి దీర్ఘం పెట్టించి, రంగు ఆరేదాకా అక్కడే నిలబడింది. ప్రార్థన చెయ్యవలసిన పాస్టరుగారు కూడా ఆగారు.

ఆమె హెచ్ తియ్యలేదు. రెండోచోట కూడా జీ ఓ డబ్ల్యూ టీ హెచ్ అని కొట్టి, వసిష్ఠని మళ్ళీ పడుకోబెట్టి లేపింది. అది లేచి, గౌతమిని పేరుపెట్టి పిలిచి, బీరువా తెరుచుకుంది. బావుల లెక్కలన్నీ తెర మీద బారులు తీరాయి.

పెద్దసారు జీపు దిగేసరికి టేపు బల్లమీద సిద్ధంగా ఉంది. త్రిమూర్తులు చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు, తాళాలు ఇవ్వడానికి.

"ఆయన దగ్గర తీసుకోకండి," అంది సుందరి. "మిషను పాడవడానికి జనరేటరు కారణం కాదండి. గౌతమి పేరు మార్చింది నేను. " సోమేశ్వరరావు వైపు తిరిగింది. "సార్, మీరు ఇంగ్లీషులో చెప్పండి. మెత్తచేసి చెప్పకండి, ఉన్నదున్నట్టు చెప్పండి."

సోమేశ్వరరావు ఉన్నదున్నట్టే చెప్పాడు. పెద్దసారు కళ్ళజోడు తీసి, ఎవరు మార్చమన్నారని అడిగాడు.

"ఎవరూ అనలేదండి. ఒకచోట మార్చి రెండోచోట మార్చకపోవడం నా తప్పు. ఒప్పుకుంటున్నాను. మార్చడం మటుకు తప్పు కాదండి. అది మా గోదారి. దాని పేరు మాకు తెలుసు."

క్షమాపణ అడిగి పాతపేరు పెట్టేస్తే చూద్దామన్నాడు పెద్దసారు. ఆ మాట చెబుతుంటే సోమేశ్వరరావు గొంతు బతిమాలినట్టయింది. "ఒక్క మాట అనేయండి సుందరిగారూ. పోయేదేముందండి?"

"ఏమీ లేకపోతే ఆయన్నే అనమనండి," అంది సుందరి.

రేపటినుంచి రానక్కర్లేదని ఇంగ్లీషులోనే అన్నాడాయన. అది ఎవరూ తెలుగులో చెప్పనక్కర్లేకపోయింది. త్రిమూర్తులుని మాత్రం ఉండమన్నాడు.

"నా గురించి ఎందుకమ్మా నోరు విప్పేరు?" అన్నాడు త్రిమూర్తులు వెనకాలే వచ్చి. కళ్ళనిండా నీళ్ళు. "ఊరుకుంటే సరిపోయేది కదండీ."

"మీ గురించి ఒక్కటే కాదులెండి," అని నవ్వింది సుందరి. "నాకూ ఒళ్ళు మండింది. తాళాలు జాగర్త."

"ఆయ్," అన్నాడతను.

ఆమె సంచీ సర్దుకుని, వెళ్ళేముందు గౌతమి ఉన్న గదిలోకి ఒకసారి వెళ్ళి వచ్చింది. ఏడవలేదు. గేటు దాటి, గ్యాసుమంట వేడి తగిలే దారిలో తల నిటారుగా పెట్టుకుని రేవుకి నడిచి, అందరితోపాటు పంటు ఎక్కింది. ఆ ఉద్యోగం అంటే ఆమెకి ప్రాణం. ఆ సంగతి అక్కడెవరికీ చెప్పలేదు, వైనతేయ మధ్యకి వచ్చాక మాత్రం పమిటతో ముఖం కప్పుకుంది.

మర్నాడు పెద్దసారు ఆజ్ఞ ప్రకారం సోమేశ్వరరావు హెచ్ తీసేసి పాతపేరు పెట్టాడు, రెండు చోట్లా జాగ్రత్తగా పెట్టాడు. ఆ తరవాత గౌతమి గదిలోకి వెళ్ళి, యంత్రం నుదుటి మీద కొత్తగా అంటించి ఉన్న తెల్లటి ప్లాస్టరు ముక్కని చూసి అక్కడే నిలబడిపోయాడు. అదేమిటని పెద్దసారు పీకబోతూ అడిగితే, పూజ తాలూకుదండి, పీకకూడదండి, అని ఇంగ్లీషులో అబద్ధమాడాడు. తెలుగు రాని పెద్దసారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నీలం సిరాతో, ఔత్వం కాస్త పెద్దదిగా, గుండ్రటి అక్షరాల్లో "గౌతమి" అని రాసి ఉన్న ఆ ప్లాస్టరు ముక్క అక్కడే ఉండిపోయింది.